అక్టోబరు కొలతల పుస్తకం

మా ఇంట్లో నీలం అట్ట వేసిన నోటు పుస్తకం ఒకటుంది. మొదటి పేజీలో పైన "2002 అక్టోబరు" అని రాసి, కింద మా అమ్మాయి కొలతలు ఉంటాయి. ఛాతీ 21, నడుము 20, భుజం 8½, భుజం నుంచి మడమ దాకా 29. అప్పటికి దానికి మూడేళ్ళు. తర్వాతి పేజీ 2003 అక్టోబరు. దాని తర్వాతిది 2004. అలా పేజీకొక అక్టోబరు. కొన్ని పేజీలు పోయాక మా అబ్బాయి కొలతలు కూడా మొదలవుతాయి. ఒక్క పేజీలో మాత్రం చేతిరాత నాది కాదు, మా అమ్మది.

ఇవన్నీ హాలోవీన్ వేషాల కోసం తీసిన కొలతలు. పిల్లలిద్దరూ న్యూజెర్సీలోనే పుట్టి పెరిగారు. అక్టోబరు 31 సాయంత్రం వేషం వేసుకుని, చేతిలో సంచీ పట్టుకుని, వీధిలో ఇల్లిల్లూ తిరగడం వాళ్ళకి చిన్నతనమంతా ఉన్న పండగ. మన పిల్లలకి భోగిపళ్ళు, గొబ్బెమ్మలు ఎలాగో వాళ్ళకి అది అలా. పన్నెండేళ్ళ పాటు ఆ వేషాలు మా ఇంట్లోనే తయారయ్యాయి. మొన్న ఆ పుస్తకం మళ్ళీ తీయాల్సిన పని పడింది. తీశాక ఒక్కొక్కటీ గుర్తొచ్చి రాయాలనిపించింది.

మేము ఈ దేశం వచ్చింది 1998 ఆగస్టులో. మావారిది ఉద్యోగం, నాది హెచ్‌-4 వీసా. ఆ వీసా మీద వచ్చిన భార్యలు ఉద్యోగం చేసే వీలు అప్పట్లో లేదు. అపార్ట్‌మెంట్‌లో రోజంతా ఒక్కదాన్నే. అక్టోబరు ఆఖరున ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా నలుగురు పిల్లలు. ఒకడు మొహానికి తెల్లరంగు పూసుకున్నాడు, ఒకమ్మాయి తల మీద పెట్టుకున్న టోపీ సూదిలా పైకి లేచి ఉంది. అందరూ ఒకేసారి ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. చివర్లో నిలబడ్డ పిల్ల మాత్రం నారింజ రంగు అట్టపెట్టె ముందుకు చాపింది. పెట్టె పైన చిల్లు, చిల్లరకి. లాండ్రీ కోసం సీసాలో దాచుకున్న క్వార్టర్లు, అంటే పావు డాలరు నాణేలు, తెచ్చి ఆ పెట్టెలో ఒకటి వేశాను. మిగతా ముగ్గురి సంచుల్లోనూ తలా ఒకటి వేశాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

మావారు వచ్చాక విషయం తెలిసింది. పిల్లలకి పెట్టాల్సింది చాక్లెట్లు. ఆ నారింజ పెట్టె మాత్రం పిల్లల కోసం పనిచేసే యునిసెఫ్ సంస్థది. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైందట ఆ పద్ధతి, పిల్లలు మిఠాయితో పాటు లోకంలోని పేద పిల్లల కోసం చిల్లర కూడా అడుగుతారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. తెలియని ఊళ్ళో, తెలియని పిల్లలు నా తలుపు కొట్టి చెయ్యి చాపారు. వచ్చిన రెండు నెలల్లో నా తలుపు కొట్టిన మొదటి మనుషులు వాళ్ళే.

అమ్మాయి 1999లో పుట్టింది. 2001లో దానికి మొదటిసారి వేషం వేశాం. కొట్లో కొన్న గుమ్మడికాయ. ఆ శరదృతువు న్యూజెర్సీలో మామూలుగా లేదు. సెప్టెంబరు 11 గడిచి నెలన్నర. ఆంథ్రాక్స్ అనే ప్రాణాలు తీసే క్రిముల పొడి పెట్టిన ఉత్తరాలు మా రాష్ట్రంలో ట్రెంటన్ దగ్గర నుంచే పోస్టయ్యాయి, పోస్టు డబ్బా తెరవాలన్నా భయంగా ఉండేది. ఆ ఏడు వీధిలోకి వచ్చిన పిల్లలు తక్కువ. మేం నాలుగిళ్ళు తిప్పి తీసుకొచ్చేద్దాం అనుకున్నాం. మూడో ఇంటి మెట్ల దగ్గరే గుమ్మడికాయ పక్క కుట్టు పర్రున విడిపోయింది. పిన్నీసు పెట్టి ఇంటికి తెచ్చాను. ఆ రాత్రి దాన్ని తిరగేసి చూస్తే లోపల పావు అంగుళం కూడా వదల్లేదు గుడ్డ. అంచు మడవలేదు. అది పిల్లల ఒంటి మీద వేసే గుడ్డ కదా అని మనసు బాగా నొచ్చుకుంది.

ఎందుకు నొచ్చుకుందంటే, మా అమ్మ తెనాలిలో మా వీధికంతా జాకెట్లు కుట్టేది. ఉష మిషన్, కాలితో తొక్కేది. నేను ఆ మిషన్ చప్పుడు వింటూ పెరిగాను. ఎనిమిదేళ్ళప్పుడు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి నన్ను రుద్రమదేవిని చేసింది. అట్టముక్క కత్తిలా కోసి, సిగరెట్ పెట్టెల్లో ఉండే వెండి కాగితం ఏరి తెచ్చి, గోటితో సాఫు చేసి, అన్నం మెతుకులతో అంటించింది. ఆ కత్తి మీద ముడత ఒక్కటి ఉంటే ఒట్టు. ఒంటి మీదకి పాత పట్టు పరికిణీ విప్పి కోటులా కుట్టింది. లోపల కుట్లు చూసి మా టీచరు, "ఇది వేషం కాదమ్మా, బట్ట" అంది. అమ్మ ఆ మాట చాలా ఏళ్ళు చెప్పుకుంది.

గుమ్మడికాయ చిరిగిన తర్వాతి వసంతంలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో సామాన్లు పెట్టి అమ్ముతుంటే పాతిక డాలర్లకి కుట్టు మిషన్ కొన్నాను. కరెంటు మిషన్. జోఆన్ బట్టల కొట్టు మా ఇంటికి పదిహేను నిమిషాలు. అక్కడ కటింగ్ బల్ల దగ్గర నిలబడితే చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న గుడ్డని బట్టి ఇంట్లో ఎవరు ఏ వేషం అడిగారో చెప్పేయొచ్చు. బొచ్చు గుడ్డ గోధుమ రంగుదైతే ఎలుగుబంటి. నలుపూ పసుపూ ఫెల్ట్ అయితే తేనెటీగ. గజం అంటే అక్కడా 36 అంగుళాలే. మన గజమే. ఆ మాట నాకెందుకో చాలా ధైర్యం ఇచ్చింది. బట్ట అడగడానికి నాకు కొత్త భాష అక్కర్లేకపోయింది.

2002లో తేనెటీగ. 2003లో సీతాకోకచిలుక. దాని రెక్కలకి నా కోటా చీర ఒకటి కోశాను. వెలుతురు అందులోంచి సాగిపోతుంది కదా, రెక్కలకి అంతకన్నా మంచి గుడ్డ లేదు. బట్టలు తగిలించే తీగలు విప్పి, వంచి, చీర గుడ్డ లాగి కుట్టాను. పది రోజుల పని. తీరా 31 సాయంత్రం చలి కొరికేస్తోంది. కోటు వేయకుండా బయటికి పంపలేను. కోటు వేస్తే రెక్కలు లోపలికి పోతాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి కోటు మీదే తేలింది వ్యవహారం. ఒక్కళ్ళు కూడా ఆ రెక్కలు చూడలేదు. ఈ దేశంలో చలి ప్రాంతాల్లో పిల్లల్ని పెంచిన ఏ తల్లినడిగినా ఈ కోటు గొడవ చెబుతుంది. ఆ పేజీలో కింద నేను ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: "ఇకమీద స్వెటర్ వేసి కొలతలు తీయాలి. రెండు అంగుళాలు వదులు."

2004లో అబ్బాయి పుట్టాడు. ఆ ఏడు అమ్మాయికి కుందేలు చెవులు, తోక. అంతే చేయగలిగాను.

2005లో అమ్మ వచ్చింది.

అమ్మ రావడం అదే మొదలు, అదే ఆఖరు. ఆరు నెలల వీసా. సెప్టెంబరులో దిగింది. అక్టోబరు మొదట్లో వీధిలో ఇళ్ళ ముందు ఎముకల గూళ్ళు, సాలెగూళ్ళు, సమాధి రాళ్ళు వెలిశాయి. రోజూ పొద్దున్న వాకింగ్‌కి వెళ్ళొచ్చి మొహం ముడుచుకునేది. "దీపావళి ముంగిట ఈ ఎముకలేంటే? శుభమా అని పిల్లలున్న ఇళ్ళల్లో!" అంది. ఐర్లాండు వాళ్ళు వలసొచ్చేటప్పుడు తెచ్చుకున్న పండగనీ, మర్నాడు పునీతుల పండగనీ, ఆ మర్నాడు చనిపోయిన వాళ్ళని తలుచుకునే రోజనీ నాకు తెలిసినంత చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మన మహాలయ పక్షాల్లాంటిదేలే. పోయినోళ్ళు ఒకసారి వచ్చి చూసి పోతారు" అంది. ఆ తర్వాత ఆ గూళ్ళ మీద మళ్ళీ మాటనలేదు.

అమ్మాయికి ఆరేళ్ళు. నెమలి కావాలంది. నేను జోఆన్‌లో నీలం శాటిన్ తెచ్చాను. అమ్మ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసి పక్కన పెట్టేసింది. "మెరుస్తోంది గానీ ఇది నెమలి కాదే" అని లేచి వెళ్ళి, తన పెట్టెలోంచి నెమలికంఠం రంగు పట్టుచీర తీసుకొచ్చింది. దీపావళికి కట్టుకుందామని తెచ్చుకున్న చీర. నేను ఒద్దన్నాను. చాలాసేపు ఒద్దన్నాను. అమ్మ చీర పూర్తిగా విప్పి కిటికీ వెలుతురుకి పట్టి చూపించింది. మడతలు పడ్డ చోటల్లా పట్టు చిట్లి, సన్నగా గీతలు గీతలుగా వెలుతురు కనపడుతోంది. "ఇది ఇంకో రెండుసార్లు కడితే చిరుగుద్ది. చిరిగాక దేనికి పనికొస్తుంది? ఇప్పుడైతే నెమలవుద్ది" అంది.

ఆ మధ్యాహ్నం నాకు ఇవాళ జరిగినట్టు ఉంటుంది. ముందు కొలతలు. అమ్మాయిని స్వెటర్ వేసి సోఫా ముందు నిలబెట్టి చేతులు రెండూ చాపమంది. టేపు నడుము చుట్టూ తిప్పేసరికి పిల్ల కడుపు లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టింది. "ఊపిరి వదిలెయ్యి తల్లీ. బిగబట్టి ఇచ్చిన కొలతకి కుడితే బిగుతైపోద్ది. నువ్వు మామూలుగా ఎట్టుంటావో అట్టా ఉండు" అంది. పిల్ల ఊపిరి వదిలేదాకా టేపు అలాగే పట్టుకుని ఆగింది. అప్పుడు నా పుస్తకం తీసుకుని తనే రాసింది. ఛాతీ 24. నడుము 21½. భుజం 10. "భు" కి కొమ్ము పొడుగ్గా కిందికి లాగి రాసే అలవాటు అమ్మకి, ఆ పేజీలో అలాగే ఉంది.

తర్వాత న్యూస్ పేపరు అడిగింది, నమూనా కోయడానికి. మా ఇంటికి పేపరు రాదు. ఆదివారం వచ్చే కూపన్ల కాగితాలుంటే అవే అతికించి ఇచ్చాను. గుడ్డ మీద గీయడానికి బాత్‌రూమ్‌లో అరిగిపోయిన సబ్బు ముక్క తెచ్చుకుంది. చీరని నేల మీద పరిచి, చిట్లిన మడతల్ని ఒక్కొక్కటీ వేలితో తడుముతూ, వాటి మధ్య గట్టిగా ఉన్న చోట మాత్రమే కత్తెర పెట్టింది. తోకకి అర్ధచంద్రాకారం. లోపల చలికి ఫ్లీస్ గుడ్డ లైనింగు. చీర అంచు విడదీసి, జరీ ఉన్న చోట కళ్ళు కోసింది. నలభై కళ్ళు. జరీ చుట్టు, దాని లోపల ఆకుపచ్చ, మధ్యలో శాటిన్ నీలం చుక్క. నేను తెచ్చిన శాటిన్ అలా పనికొచ్చింది. ఒక్కో కన్ను అంచు లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేసింది.

పొడుగు కుట్లకి మిషన్ మీద కూర్చుంది. నలభై ఏళ్ళు తొక్కుడు మిషన్ మీద పనిచేసిన కాలు. పెడల్ మీద పాదం ఆనించగానే గుడ్డ సర్రున అవతలికి పోయింది. "ఇదేం పరుగే!" అని కాలు తీసేసింది. చెప్పులు విప్పి బొటనవేలు ఒక్కటే పెట్టి చూసింది. అప్పుడూ పరుగే. చివరికి పెడల్ పక్కకి నెట్టేసి, కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చేత్తో గుడ్డ నడుపుతూ ఆ తోకంతా కుట్టింది. కుట్టు వెనక కుట్టు, అన్నీ ఒకటే పొడవు. మా అమ్మాయి పక్కనే బోర్లా పడుకుని సూది పైకీ కిందికీ పోవడం చూస్తూ నిద్రపోయింది.

ఆ ఏడు హాలోవీన్ సోమవారం. మర్నాడు నవంబరు 1 దీపావళి. ముందు రోజే గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకున్నాం, అందుకని సాయంత్రం ఐదుకే చీకటి పడింది. గడియారాలు తిప్పే రోజు నవంబరుకి జరిగింది 2007 నుంచే. అమ్మ స్వెటర్ వేసుకుని, శాలువా కప్పుకుని, ఒళ్ళో స్టీలు బేసిన్ పెట్టుకుని గుమ్మం ముందు కుర్చీలో కూర్చుంది. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ లెక్కగా రెండేసి చాక్లెట్లు కుడి చేత్తో పెట్టింది. వేషం చూసి తెలుగులోనే "బాగుందమ్మా" అనేది. వాళ్ళూ థాంక్యూ అనేవాళ్ళు.

మధ్యలో ఒకసారి నాతో అంది: "మా చిన్నప్పుడు దసరాలకి అయ్యవారు మమ్మల్నందర్నీ వెంటేసుకుని ఇల్లిల్లూ తిప్పేవారు. విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుకుంటా. పూలూ బుక్కాగుండా చల్లేవోళ్ళం. అయ్యవారికి డబ్బులు, మాకు పప్పుబెల్లాలు. ఇదీ అదేగా!" నిజమే. నెల కూడా దాదాపు అదే. నాకు తట్టనే లేదు ఏడేళ్ళుగా. పగటి వేషాలవాళ్ళు ఇంటి ముందుకొస్తే చేటలో బియ్యం తెచ్చి పెట్టడం, పులి వేషం వాళ్ళ వెనక డప్పు చప్పుడుకి పరుగెత్తడం, అవన్నీ నేనూ చూసినవే. వేషం వేసుకొచ్చిన వాళ్ళని ఖాళీ చేత్తో పంపకూడదని అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఎనిమిదింటికి చాక్లెట్లు అయిపోయాయి. ఇంకా పిల్లలు వస్తున్నారు. అమ్మ లోపలికి వెళ్ళి పండక్కి చేసిన కజ్జికాయల డబ్బా తెచ్చింది. ఇక్కడ ఇంట్లో చేసినవి ముక్కూ మొహం తెలియని పిల్లలకి పెట్టరమ్మా, వాళ్ళమ్మలు తిననివ్వరు, భయం అని చెప్పాల్సి వచ్చింది. డబ్బా మూత పెట్టేసి, "కొన్నవే పెట్టాలా పాపం" అంది. ఆ మాటకి నాకు ఇప్పటికీ మనసు ఎలాగో ఉంటుంది.

నెమలి మాత్రం ఆ రోజు కోటు లేకుండా, చలి తెలియకుండా, తోక వెనక ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగింది. ఇంటికొచ్చి సంచీ పక్కన పడేసి, తోకలో చుట్టుకుని అమ్మమ్మ ఒళ్ళో పడుకుంది.

అబ్బాయి సంగతికొస్తే, వాడికి గుడ్డ కన్నా అట్టపెట్టెలంటే ఇష్టం. 2008 వేసవిలో విజయవాడ మా అత్తగారింటికి వెళ్ళాం. వాడికి నాలుగేళ్ళు. అక్కడ ఉన్నన్నాళ్ళూ వాడి ప్రాణమంతా ఆటోల మీదే. బీసెంట్ రోడ్డుకి వెళ్ళాలన్నా, గుడికి వెళ్ళాలన్నా, ఆటో అయితేనే వస్తాననేవాడు. వన్ టౌన్‌లో రబ్బరు బుడ్డి హారన్ కొనిపించుకున్నాడు. తిరిగొచ్చాక అక్టోబరులో ఏం వేషం కావాలిరా అంటే ఆలోచించకుండా "ఆటో" అన్నాడు. ఆటో డ్రైవరు కాదు, ఆటో.

ఇండియన్ కొట్లో అడిగి పెద్ద అట్టపెట్టె తెచ్చాను. అడుగు కోసేసి, వాడు లోపల నిలబడేటట్టు భుజాలకి పట్టీలు కుట్టాను. పట్టీలకి పాత తువ్వాలు మడిచి వేశాను, ఒరుసుకోకుండా. కింద పసుపు, పైన నల్ల రెగ్జిన్ కప్పు. ముందు ఒక చక్రం, వెనక రెండు. హెడ్‌లైటుకి టార్చి. నంబరు ప్లేటు ఏపీ 16తో మొదలుపెట్టాం, అప్పట్లో కృష్ణా జిల్లా బళ్ళకి అదే. హారన్ బిగించాక వాడి సంతోషం చూడాలి. వెనకాల ఏం రాయాలిరా అంటే, వాడు అక్కడ ఎక్కిన ఆటో వెనక ఏముందో అదే రాయమన్నాడు. వాడికి చదవడం రాదు, నాకు గుర్తు లేదు. నేను "అమ్మ దీవెన" అని తెలుగులో గుండ్రంగా రాసి పెట్టాను.

ఆ సాయంత్రం చాలామందికి అది ఏమిటో తెలియలేదు. ట్యాక్సీవా? బస్సువా? అని అడిగారు. వాడు ప్రతి ఇంటి ముందూ హారన్ కొట్టి, "ఆటో!" అని చెప్పాడు. మా వీధి చివర ఒక ఇంట్లో తలుపు తీసింది పంచె కట్టుకున్న పెద్దాయన. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటారు. ఆయన వాణ్ణి పైనుంచి కింది దాకా చూసి, చుట్టూ తిరిగి వెనకాల రాసింది చదివారు. కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ ముందుకొచ్చి వంగి, "బాబూ, బెంజి సర్కిల్‌కి వస్తావా?" అని అడిగారు. మావాడు క్షణం ఆలస్యం చేయలేదు. "ఎక్కండి తాతగారూ" అన్నాడు. ఆయన ఒక చెయ్యి ఆ అట్టపెట్టె మీద వేసి, వాకిలి చివరి దాకా వాడి పక్కన నడిచారు. వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇంట్లో కుట్టిన వేషమే గొప్పదనీ, కొన్నది తక్కువదనీ నేననను. పదింటికి ఇంటికొచ్చే ఉద్యోగాలు చేసే తల్లులు మిషన్ ముందు కూర్చోలేరు. ఖర్చు కూడా మిగలదు, నిజానికి గుడ్డా, దారాలూ, జిప్పులూ లెక్కేస్తే కొన్నదానికన్నా ఎక్కువే అవుతుంది. నాకు మాత్రం ఆ కొలతలు తీసే పావుగంట అపురూపం. ఏడాదంతా పరుగెత్తే పిల్ల ఆ కాసేపు చేతులు చాపి కదలకుండా నిలబడుతుంది. దాని ఊపిరి నా చెవి పక్కన తెలుస్తుంది. పోయినేటికన్నా ఎంత పెరిగిందో నా చేతికి ముందు తెలిసేది, టేపుకి తర్వాత.

2011లో హాలోవీన్‌కి రెండు రోజుల ముందు, 29న, మంచు పడింది. ఆకులు రాలకుండా ఉన్న చెట్ల మీద పడేసరికి కొమ్మలు విరిగి కరెంటు తీగలు తెగాయి. సరిగ్గా ఏడాదికి, 2012లో మళ్ళీ 29నే, శాండీ తుపాను మా రాష్ట్రం తీరం దాటింది. తుపాను అంటే నాకు కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఐదేళ్ళు, ఆ రాత్రి అమ్మ మమ్మల్ని మిషన్ కింద పడుకోబెట్టడం లీలగా గుర్తు. కానీ అమెరికాలో ఎనిమిది రోజులు కరెంటు లేకుండా ఉంటామని అనుకోలేదు. పెట్రోలుకి మైళ్ళ పొడుగు లైన్లు. నంబరు ప్లేటు చివరి అంకెని బట్టి సరి బేసి రోజులు పెట్టారు. గవర్నరు క్రిస్టీ హాలోవీన్‌నే నవంబరు 5కి వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పండగని ఉత్తర్వుతో వాయిదా వేయడం నేనెప్పుడూ వినలేదు. పిల్లల మొహాలు చూశాక మంచి పని చేశారనిపించింది.

ఆ ఏడు ఆగస్టులో క్యూరియాసిటీ రోవరు అంగారకుడి మీద దిగింది. ఎనిమిదేళ్ళ మావాడికి అదే కావాలి. ఆరు చక్రాలు, పైకి లేచిన మెడ మీద కెమెరా. పెట్టెలు కోసి పెట్టుకున్నాం, ఇంకా అతికించలేదు, కరెంటు పోయింది. గ్లూ గన్ పనిచేయదు, మిషన్ పనిచేయదు. అప్పుడు మాడ్చుకున్న మొహంతో కూర్చున్న వాణ్ణి చూసి, వంటింటి సొరుగులోంచి దబ్బనం తీశాను. మన బియ్యం బస్తాలు కుట్టే దబ్బనమే, అమ్మ వచ్చినప్పుడు తెచ్చి పెట్టింది. దాంట్లో పురికొస ఎక్కించి అట్టని అట్టకి కుట్టడం మొదలుపెట్టాను.

అమ్మాయికి అప్పటికి పదమూడు. ఆ ఏడు వేషం వద్దని ముందే చెప్పేసింది. ఫోను చార్జింగు లేక, చేసేదేం లేక, కొవ్వొత్తి వెలుతురులో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. కాసేపు చూసి, "నాకివ్వమ్మా" అని దబ్బనం తీసుకుంది. మొదటి కుట్టు వంకర. రెండోది వంకర. మూడో కుట్టుకి ఆగి, "అమ్మమ్మ అన్నీ ఒకే పొడుగు ఎలా వేసేది?" అంది. బొటనవేలి గోరు అడ్డం పెట్టి కొలుచుకునేది, అలా కొలుచుకుని చూడు అన్నాను. దాని వేలు పెట్టి చూసుకుంది. ఆ రెండు రాత్రుల్లో మిగతా చక్రాలన్నీ అదే కుట్టింది. నేను అల్యూమినియం ఫాయిల్ మెడకి చుడుతూ ముడతలు గోటితో సాఫు చేస్తున్నాను. రుద్రమదేవి కత్తి గుర్తొచ్చి పిల్లలకి చెప్పాను. సిగరెట్ పెట్టెల్లో వెండి కాగితం ఎందుకుంటుందో వాళ్ళకి అర్థం కాలేదు. కత్తి మాత్రం అర్థమైంది.

5వ తేదీ సాయంత్రం సగం వీధి ఇంకా చీకట్లోనే ఉంది. కరెంటు వచ్చిన ఇళ్ళవాళ్ళు దీపాలన్నీ వేసి ఉంచారు. రాని ఇళ్ళవాళ్ళు మెట్ల మీద లాంతర్లు పెట్టుకుని కూర్చున్నారు. మావాడి నెత్తి మీద టార్చి వెలుగుతూ, విరిగిపడ్డ కొమ్మల మధ్య ఆరు చక్రాలతో జాగ్రత్తగా నడుస్తుంటే, వాడు నిజంగానే వేరే గ్రహం మీద దిగినట్టుంది. అమ్మాయి వేషం లేకుండానే వాడి వెనక నడిచింది, ఎక్కడైనా చక్రం ఊడితే కుట్టడానికి జేబులో దబ్బనం పెట్టుకుని.

2014తో పుస్తకంలో పేజీలు ఆగిపోతాయి. ఆ పేజీలో కొలత ఒక్కటే ఉంది, మావాడి ఎత్తు. హుడీ కొనుక్కుంటానన్నాడు. సరేనన్నాను. 2016లో అమ్మ పోయింది. నెమలి తోక నా దగ్గరే ఉంది, తెల్ల పంచె గుడ్డలో చుట్టి, మధ్యలో వేపాకు పొడి సంచీ పెట్టి. 2025 మే నెలాఖరుకి జోఆన్ కొట్లన్నీ దేశమంతా మూతపడ్డాయి. చివరి వారం నేనూ వెళ్ళాను. రాకులు చాలావరకు ఖాళీ. కటింగ్ బల్ల మీద కూడా ధర చీటీ అంటించారు. నాలాంటి ఆడవాళ్ళు చాలామంది ఏమీ కొనకుండా ఊరికే తిరుగుతున్నారు. నేను నెమలికంఠం రంగుకి దగ్గరగా ఉన్న దారపు రీళ్ళు మూడు దొరికితే తెచ్చుకున్నాను.

మొన్న శనివారం అమ్మాయి బోస్టన్ నుంచి వచ్చింది. మా అన్నయ్య కూతురి పెళ్ళి ఫిబ్రవరిలో, హైదరాబాదులో. రెడీమేడ్ జాకెట్లు భుజాల దగ్గర నిలవట్లేదట, నువ్వే కుట్టమ్మా అంది. పుస్తకం తెచ్చి, ఖాళీ పేజీ తీసి, పైన "2025 అక్టోబరు" అని రాశాను. తను లేచి సోఫా ముందు నిలబడి, నేనేం చెప్పకముందే చేతులు రెండూ చాపింది. ఇప్పుడు నేను భుజం కొలవాలంటే మునివేళ్ళ మీద లేవాలి. భుజం 14½. ఛాతీ 34. టేపు నడుము చుట్టూ తిప్పాను. ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి వదిలెయ్యి తల్లీ" అన్నాను.

వదిలేదాకా ఆగాను. నడుము 29.